‘అది మా ఇంటి సంగతి’: డర్బన్ నుంచి డర్బన్ దాకా

1946 జూన్ 13న డర్బన్‌లో గేల్ స్ట్రీట్, అంబిలో రోడ్డు కలిసే మూలన, ఒక ఖాళీ జాగాలో కొందరు భారతీయులు గుడారాలు వేసుకుని కూర్చున్నారు. భారతీయులు ఎక్కడ భూమి కొనవచ్చో, ఎక్కడ కాపురం ఉండవచ్చో తానే నిర్ణయిస్తానంటూ దక్షిణాఫ్రికా ప్రభుత్వం ఆ నెలలోనే చట్టం తెచ్చింది. దానికి జవాబు ఆ గుడారాలు. తెల్లవాళ్ల మూకలు రాత్రిపూట వాటిపై పడి చింపేసినా సత్యాగ్రహులు కదలలేదు. రెండేళ్లలో సుమారు 2 వేల మంది జైలుకు వెళ్లారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి నటాల్ చెరకు తోటలకు కూలికి వెళ్లిన తమిళ, తెలుగు కుటుంబాల బిడ్డలు వారిలో ఎందరో ఉన్నారు.

మనకు స్వాతంత్ర్యం రావడానికి ఇంకా ఏడాది ఉంది. అయినా ఆ జూన్‌లోనే భారత్ ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు చేసింది. జులైలో దక్షిణాఫ్రికాతో వ్యాపారం పూర్తిగా ఆపేసింది. మన ఎగుమతుల్లో 5 శాతానికి పైగా ఆ దేశానికే వెళ్లేవి. యుద్ధంలోనూ కరవులోనూ చితికిపోయిన దేశం అంత రాబడిని వదులుకుంది. ధర్మం పేరిట మాట్లాడటం ఒక ఎత్తు, అందుకోసం సొంత గల్లాపెట్టెలో చెయ్యి పెట్టడం మరో ఎత్తు. ఈ కథలో నేను తలవంచి నమస్కరించేది ఈ రెండోదానికే.

న్యూయార్క్‌లో ఎదురుగా నిలబడినవాడు దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్. సమితి చార్టర్ పీఠికలో మానవ హక్కుల ప్రస్తావన రావడంలో ఆయన చెయ్యి ఉంది. అదే స్మట్స్ ఇప్పుడు అదే చార్టర్ తిప్పి, సభ్యదేశాల అంతర్గత వ్యవహారాల్లో సమితి తలదూర్చకూడదన్న నిబంధనను అడ్డుపెట్టాడు. ఇది మా ఇంటి సంగతి, మీకెందుకు అన్నది ఆయన వాదన. మీ దేశంలో అంటరానితనం మాటేమిటని దక్షిణాఫ్రికా పక్షం ఎదురు ప్రశ్న కూడా వేసింది. తప్పించుకోవడానికే అడిగి ఉండవచ్చు. కానీ అడిగిన సంగతి అబద్ధం కాదు. ఆ ప్రశ్న అక్కడే మిగిలిపోయింది.

డిసెంబర్ 8న ఓటింగు జరిగింది. విజయలక్ష్మీ పండిట్ నాయకత్వంలోని మన బృందం సమర్థించిన తీర్మానానికి అనుకూలంగా 32, వ్యతిరేకంగా 15 ఓట్లు పడ్డాయి. 7 దేశాలు తటస్థంగా ఉన్నాయి. పోలైన 47 ఓట్లలో తీర్మానం నెగ్గడానికి కావలసిన మూడింట రెండు వంతుల ఆధిక్యానికి ఆ 32 సరిగ్గా సరిపోయాయి. సభ ముగిశాక ఆమె స్మట్స్ దగ్గరికి వెళ్లి, తన మాటల్లో ఏదైనా నొప్పించి ఉంటే క్షమించమని అడిగారు. ఇది ఉత్త గెలుపు అమ్మా, దీనివల్ల నేను వచ్చే ఎన్నికల్లో పోతాను, నీకు మాత్రం ఒరిగేదేమీ లేదు అని ఆయన అన్నట్టు ఆమె తర్వాత రాసుకున్నారు. 1948లో ఆయన ఓడిపోయాడు. వచ్చినవాళ్లు వర్ణవివక్షనే ప్రభుత్వ సిద్ధాంతం చేసుకున్నారు.

ఆ ఓటింగు జరిగిన 1946లోనే నెల్లూరు జిల్లాకు చెందిన ఒక యువకుడు చదువుకోసం న్యూయార్క్‌లో దిగాడు. పేరు ఏనుగ శ్రీనివాసులు రెడ్డి. హరిజన నిధికోసం గాంధీజీ వచ్చినప్పుడు ఒంటి మీది నగలన్నీ ఒలిచి ఇచ్చిన తల్లి కొడుకు. ఐక్యరాజ్యసమితిలో ఉద్యోగంలో చేరి, 1963లో వర్ణవివక్ష వ్యతిరేక ప్రత్యేక కమిటీకి కార్యదర్శి అయ్యాడు. పాశ్చాత్య దేశాలు ఆ కమిటీలో చేరడానికే ఒప్పుకోలేదు. మండేలా, ఆయన సహచరులపై విచారణ మొదలైన అక్టోబర్‌లోనే రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలని సర్వసభ్య సభ తీర్మానించింది. అనుకూలం 106, వ్యతిరేకం 1. ఆ ఒక్కటీ దక్షిణాఫ్రికాదే. పదిహేడేళ్లలో 32 కాస్తా 106 అయింది. ఖైదీల వకీళ్ల ఖర్చుకు, ఇళ్ల దగ్గర మిగిలిన భార్యాబిడ్డల పోషణకు సమితి తరఫున నిధి ఏర్పడటం వెనుక కూడా రెడ్డిగారి శ్రమ ఉంది. 2020లో కన్నుమూసిన ఈయన గురించి తెలుగు పిల్లల పాఠాల్లో ఒక పేజీ అయినా ఉండాలని నా కోరిక.

ఇక మిగిలిపోయిన ఆ ప్రశ్న సంగతి. 1965లో జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం తయారవుతుండగా, వివక్షకు ఆధారాలైన జాతి, రంగు వంటి మాటల పక్కన ‘వంశం’ అన్న మాట కూడా చేర్చాలని ప్రతిపాదించింది భారతదేశమే. మాట చేరింది. 2001లో జాతి వివక్షపై ప్రపంచ సదస్సు జరిగింది. చోటు మళ్లీ డర్బనే. ఆ మాటనే పట్టుకుని, పుట్టుకను బట్టి మనిషిని వెలివేసే కులాన్నీ చర్చించాలని దళిత సంఘాలు అక్కడికి వెళ్లి అడిగాయి. కులం జాతి కాదు, దీనికి మా రాజ్యాంగం ఉంది, మా చట్టాలున్నాయి, అంతర్జాతీయ వేదిక అక్కర్లేదు అంది మన ప్రభుత్వం. చట్టాలున్న మాట నిజం. కానీ గేల్ స్ట్రీట్ మూలన గుడారాలు వేసినవాళ్ల పక్షాన అంతకు 55 ఏళ్ల ముందు మనం బద్దలుకొట్టిన తలుపు అదే. దాన్ని మన చేతులతోనే మూయడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

సదస్సు తుది పత్రంలో కులం అన్న మాట లేదు. మరుసటి ఏడాది, 2002 ఆగస్టులో, ఆ ఒప్పందం అమలును పర్యవేక్షించే కమిటీ ‘వంశం’ అన్న మాట కులానికీ వర్తిస్తుందని రాతపూర్వకంగా ప్రకటించింది.