మేనత్తకు కడుపులో నీళ్లు తీశారా?

నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో నలభై దాటిన ఆడవాళ్లు నలుగురు కూర్చుంటే గర్భసంచి ఆపరేషన్ ప్రస్తావన రాక మానదు. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువైందనో వెళ్తే ‘ఉంచుకుంటే క్యాన్సర్ అవుతుంది’ అనే భయం తగిలించుకుని తిరిగి వచ్చినవాళ్లు ఎందరో. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే తెలంగాణలో దాదాపు ఎనిమిది మంది. అవసరం లేనివారికి ఇంత సులువుగా కత్తి పెడుతున్న చోట, వంశంలో నడిచే అండాశయ క్యాన్సర్ రాకుండా అండాశయాలను ముందుజాగ్రత్తగా తీసే ఆపరేషన్ గురించి నిజంగా ఆలోచించవలసిన కొద్దిమందిని మాత్రం ఎవరూ వెతకడం లేదు. నా బాధ అదే.

ఆ కొద్దిమందిని గుర్తించడం ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ‘మీ ఇంట్లో ఎవరికైనా అండాశయ క్యాన్సర్ వచ్చిందా?’ అని అడిగితే లేదనే అంటారు. ఆ పేరు ఇళ్లలో వినపడదు. ‘కడుపులో గడ్డ లేచింది’, ‘కడుపు ఉబ్బితే నీళ్లు తీశారు, ఏడాది తిరగకుండానే పోయింది’ అంటారు. కాలేయం చెడినా కడుపులో నీరు చేరుతుంది. కానీ అండాశయ క్యాన్సర్ ఎక్కువగా ముదిరాకే, ఇలా పొట్ట ఉబ్బాకే బయటపడుతుంది కాబట్టి ఆ మాట వినగానే ఆగి ఆరా తీయాలి. తల్లివైపు మాత్రమే కాదు, మేనత్తల గురించీ అడగాలి. పెళ్లయి వేరే ఇంటిపేరుకు వెళ్లిపోయిన ఆమె ఎవరికీ గుర్తుకు రాదు. జన్యువుకు ఇంటిపేరుతో పని లేదు.

బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 అనే రెండు జన్యువులు మన కణాల్లో తెగిన డీఎన్ఏను అతికే పనిలో ఉంటాయి. వాటిలో లోపం ఉంటే అండాశయ, రొమ్ము క్యాన్సర్ల ముప్పు పెరుగుతుంది. మొదటిది 17వ క్రోమోజోము మీద ఉందని అమెరికా శాస్త్రవేత్త మేరీ-క్లెయిర్ కింగ్ బృందం 1990లో చూపింది. వీటిలో ఒకదాంట్లో లోపం ఉన్న తల్లి నుంచైనా, తండ్రి నుంచైనా అది బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. మేనరికాలు ఉన్న ఇళ్లలో మరో చిక్కుంది. భార్యాభర్తలిద్దరిలోనూ బీఆర్‌సీఏ2 లోపం ఉంటే, ఇద్దరి నుంచీ దాన్ని పొందిన బిడ్డకు ఫాంకోని అనీమియా అనే తీవ్రమైన రక్తవ్యాధి రావచ్చు.

ఈ లోపం ఉందో లేదో చూసే రక్తపరీక్ష వీలైతే ముందుగా క్యాన్సర్ వచ్చిన మనిషికే చేయాలి. ఆమెలో లోపం దొరికితే మిగతావారిలో దాని కోసమే వెతకవచ్చు. ఒక్కోసారి హానికరమో కాదో తేలని మార్పు జన్యువులో ఉందని నివేదిక వస్తుంది. దాన్ని పట్టుకుని అండాశయాలు తీయించుకోకూడదు.

ముప్పు ఎంతో చెప్పడానికి పొదుపు సంఘాన్ని తీసుకోండి. సంఘానికి పది మంది చొప్పున పది సంఘాలు, అంటే నూరు మంది. మామూలుగా ఆ నూరు మందిలో జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చేది ఒకరికో ఇద్దరికో. అందరిలోనూ బీఆర్‌సీఏ1 లోపం ఉంటే 80 ఏళ్లలోపు సుమారు 44 మందికి, బీఆర్‌సీఏ2 అయితే 17 మందికి. ఆ 44 ఎంత నిజమో, మిగిలిన 56 కూడా అంతే నిజం. రెండు సంఖ్యలూ ఒకే గొంతుతో చెప్పాలి.

ఏటా స్కానింగ్ చేయించుకుంటే సరిపోదా? బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం 2021లో తుది ఫలితాలు ఇచ్చింది. సీఏ-125 (అండాశయ క్యాన్సర్‌లో తరచూ పెరిగే ఒక ప్రొటీన్) రక్తపరీక్ష, స్కానింగ్ వల్ల ఈ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. వాళ్లు మామూలు ముప్పు ఉన్న స్త్రీలే. అయితే లోపం ఉన్నవారి విషయంలోనూ ఆపరేషన్‌కు బదులుగా నిలబడగల పరీక్ష నేటికీ లేదు.

ఆపరేషన్‌లో తీసేవి రెండు అండాశయాలు, వాటితోపాటు అండవాహికలు, అంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో ముడివేసే ఆ ట్యూబులే. ఈ క్యాన్సర్లలో చాలావరకు ట్యూబుల చివర్లలోనే పుడతాయని ఇప్పుడు తెలుసు. ముడి వేయించుకున్నంత మాత్రాన అవి పోవు, అక్కడే ఉంటాయి. బీఆర్‌సీఏ1 ఉంటే 35–40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉంటే 40–45 మధ్య, పిల్లలు చాలనుకున్నాక చేయించుకోమంటారు. ముప్పు సుమారు 80 శాతం తగ్గుతుంది, సున్నా కాదు. పొత్తికడుపు లోపలి పొరలో క్యాన్సర్ వచ్చే అవకాశం కొద్దిగా మిగులుతుంది.

దీనికి చెల్లించే ధర గురించి ఎవరూ తీరిగ్గా చెప్పరు. ఏళ్ల తర్వాత రావలసిన ముట్లుడగడం ఆపరేషన్ రోజునే వచ్చేస్తుంది. ఒళ్లంతా వేడి ఆవిర్లు, నిద్రలేమి, కలయికలో నొప్పి. ఎముకలు బలహీనపడతాయి, గుండెకూ రక్షణ తగ్గుతుంది. రొమ్ము క్యాన్సర్ రాని స్త్రీకి దాదాపు యాభై ఏళ్ల దాకా హార్మోన్ మాత్రలు ఇవ్వవచ్చు, వచ్చినవారికి సాధారణంగా ఇవ్వరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన నల్గొండ ఊళ్లలో ఎముకల సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఫ్లోరోసిస్ ఉన్న ఎముక సాంద్రత పరీక్షలో గట్టిగా కనిపిస్తూనే పెళుసుగా ఉండవచ్చు.

ఇన్ని విన్నాక కూడా వద్దనే హక్కు ఆమెకు ఉంది. రెండేళ్లు ఆగుతాననే హక్కూ ఉంది. ఇది వారంలో తేల్చుకోవలసిన అత్యవసరం కాదు. భర్తను, అత్తను కాసేపు బయట కూర్చోబెట్టి ఆమెను ఒంటరిగా అడగాలి: ఇంకో బిడ్డ కావాలా? క్యాన్సర్ భయం ఎక్కువా, ఆపరేషన్ తర్వాతి బతుకు భయం ఎక్కువా? పత్తి ఏరే రోజుల్లో కాకుండా ఎప్పుడైతే విశ్రాంతి దొరుకుతుంది? ఆమె తనంతట తాను చెప్పిన జవాబు తర్వాతే డాక్టర్ తన సలహా చెప్పాలి.

ఇక, ఇలాంటి కుటుంబంలో పుట్టి ‘నాకు గర్భసంచి ముందే తీసేశారు, నాకేం భయం లేదు’ అనుకునే అక్కలకు ఒక పని. అప్పట్లో ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం ట్రంకుపెట్టెలో ఉందేమో చూడండి. గర్భసంచి ఒక్కటే తీశారా, అండాశయాలూ ట్యూబులూ కూడానా అన్నది అందులో రాసి ఉంటుంది. కాగితం దొరకకపోతే ఆ మాటే డాక్టర్‌కు చెప్పి స్కానింగ్ చేయించుకోండి. అండాశయాలు మిగిలి ఉన్నాయో లేదో చాలావరకు అందులో తెలుస్తుంది.