పట్టిన చోటే వదలాలి: వీధికుక్కల గొడవకు మూలం ఎక్కడుంది?

బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో తిరిగే కుక్కలను పట్టుకెళ్లాలని, మళ్లీ అక్కడ వదలకూడదని సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న ఆదేశించింది. అప్పటి నుంచి హైదరాబాద్ కాలనీల్లో పాత గొడవ మళ్లీ రాజుకుంది. కోర్టు మాట్లాడింది సంస్థల ఆవరణల గురించే. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చేసరికి అది ‘కుక్కలన్నిటినీ తీసేయమన్నారు’ అయిపోయింది. రాత్రి పది దాటాక పెరుగన్నం గిన్నెతో గేటు బయటికి వచ్చే ఆంటీకీ, పొద్దున్నే కూతుర్ని స్కూల్ బస్సు ఎక్కించే నాన్నకూ మధ్య మాటల్లేవు. ‘అంత ప్రేముంటే మీ ఇంట్లో పెంచుకోండి’ అని ఒకరంటే, ‘వీటిని పట్టుకెళ్తే కొత్తవి వస్తాయి, అప్పుడు తెలుస్తుంది’ అని ఇంకొకరు. ఈ రెండో మాట కోపంలో అన్నదే కానీ, అందులో చాలా చరిత్ర ఉంది.

నగరంలో త్వరలో జరగబోయే జంతు హక్కుల సదస్సుకు వెళ్లాలని నేనూ ఎదురుచూస్తున్నాను. కోళ్ల ఫారాల బోనుల గురించి, ప్రయోగశాలల్లోని ఎలుకలు, కుందేళ్ల గురించి ఈ ఊళ్లో కాకపోతే ఇంకెక్కడ మాట్లాడతారు? ప్రయోగ జంతువుల కోసం భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పెట్టిన జాతీయ కేంద్రం మన జీనోమ్ వ్యాలీలోనే ఉంది. కానీ ఇప్పుడున్న వేడిలో ఏ చర్చ ఎక్కడ మొదలైనా వీధికుక్కల దగ్గరే తేలేలా ఉంది. అందుకే ఈ నేపథ్యం.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టం, దాని కోసం రుక్మిణీదేవి అరుండేల్ రాజ్యసభలో చేసిన ప్రయత్నం, మొదటి తప్పుకు పది రూపాయల నుంచి యాభై వరకు జరిమానా... ఇవన్నీ ఎన్నోసార్లు రాసినవే, చదివినవే. ఇప్పటి తగువుకు కీలకం అక్కడ లేదు. 2023లో అంబర్‌పేటలో కుక్కలు ఒక బాబును చంపిన ఘటనలోనూ లేదు, సుప్రీంకోర్టు తీర్పుల్లోనూ లేదని నా అభిప్రాయం. అది 2001 డిసెంబర్ 24న వచ్చిన ఒక నోటిఫికేషన్‌లో ఉంది. కుక్కల జనన నియంత్రణ నియమాలు (ఏబీసీ రూల్స్) ఆ రోజే వచ్చాయి. విడుదల చేసింది కేంద్ర సాంస్కృతిక శాఖ. జంతు సంక్షేమం అప్పట్లో ఆ శాఖ కింద ఉండేది లెండి.

ఆ నియమాల సారమంతా ఒక్క ముక్కలో ఉంది. పట్టుకున్న కుక్కకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, ఎక్కడ పట్టారో అక్కడే వదలాలి. అంతకుముందు మన మున్సిపాలిటీలకు తెలిసిన పద్ధతి ఒకటే, చంపడం. విషం పెట్టేవారు, కరెంటు పెట్టేవారు. ఏటా చంపినా మరుసటి ఏడాదికి లెక్క మళ్లీ మొదటికే వచ్చేది. కుక్క తన వీధిని తానే కాపలా కాస్తుంది, బయటి కుక్కను రానివ్వదు. దాన్ని తీసేస్తే వీధి ఖాళీ అవుతుంది, కుప్పలో తిండి మాత్రం అలాగే ఉంటుంది. పక్క వీధి నుంచి టీకా లేని కుక్కలు దిగుతాయి. తీసేయడం వల్ల కుక్కల సంఖ్యగానీ రేబిస్‌గానీ చెప్పుకోదగ్గంత తగ్గినట్టు ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల కమిటీ 1992లోనే తేల్చింది.

జైపూర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ 1994లో ఆపరేషన్లు మొదలుపెట్టింది. ఎనిమిదేళ్లలో ఆడకుక్కల్లో దాదాపు 65 శాతానికి చేయగలిగింది. ఆ ప్రాంతంలో కుక్కల సంఖ్య 28 శాతం తగ్గింది, మనుషుల్లో రేబిస్ కేసులు లేకుండా పోయాయి. 1996లో చెన్నై కార్పొరేషన్ ఈ దారి పట్టింది. హైదరాబాద్‌లో అప్పటికే అక్కినేని అమల 1992లో మొదలుపెట్టిన జంతు సంరక్షణ సంస్థ బ్లూక్రాస్ ఉంది. అంటే 2001 నియమాలు ఢిల్లీలో ఎవరికో కల వచ్చి రాసినవి కావు. ఊళ్లలో చేసి చూసి, ఫలితం కనబడ్డాకే రాశారు.

ఇక్కడే అసలు మెలిక. వదలాలి అన్నది నియమాల్లో రెండో సగం. మొదటి సగం స్థానిక సంస్థ బాధ్యతల జాబితా. కావలసినన్ని కుక్కల శాలలు, వ్యాన్లు, శిక్షణ ఉన్న పట్టేవాళ్లు, అంబులెన్స్‌గా పనికొచ్చే క్లినిక్ బండి, పైన ఒక పర్యవేక్షణ కమిటీ. పట్టిన ప్రతి కుక్కకు గుర్తింపు ట్యాగ్ వేయాలి, లేకపోతే ఏ వీధిదో తెలియదు కదా. వీటన్నిటికన్నా ముఖ్యం వేగం. కుక్కకు గర్భం రెండు నెలలే. ఏడాది తిరక్కుండానే పిల్ల తల్లి అవుతుంది. ఒక ప్రాంతంలో దాదాపు 70 శాతం కుక్కలకు తక్కువ వ్యవధిలో ఆపరేషన్ అయితేనే ఈ పద్ధతి పనిచేస్తుంది. ముప్పై శాతం దగ్గర ఆపేస్తే మిగిలినవి ఆ లోటు పూడ్చేస్తాయి. చేసిన ఆపరేషన్లన్నీ లెక్కల్లో ఉంటాయి, వీధిలో మాత్రం తేడా కనబడదు.

మన దగ్గర జరిగింది సరిగ్గా అదే. పని ప్రాంతాల వారీగా నడవలేదు, ఫిర్యాదుల వారీగా నడిచింది. ఫలానా కాలనీ నుంచి ఫోన్ వస్తుంది, కుక్కల బండి వెళ్తుంది. తెల్లవారుజామున వల పట్టుకుని దిగిన మనుషులను చూడగానే బెదురు కుక్కలు పార్క్ చేసిన కార్ల కిందికి, ఖాళీ ప్లాట్లలోకి పరుగు తీస్తాయి. తోక ఊపుతూ ఎదురొచ్చే మచ్చిక కుక్కే వలలో పడుతుంది. నాలుగైదు రోజుల తర్వాత చెవికి ‘వి’ ఆకారంలో కోత గుర్తుతో అదే తిరిగొస్తుంది. కరిచేది, పిల్లల వెంటపడేది అక్కడే ఉంటుంది. ఫిర్యాదు చేసినాయనకు మాత్రం ‘పట్టుకెళ్లినట్టే పట్టుకెళ్లి మళ్లీ తెచ్చి వదిలారు’ అనిపిస్తుంది. ఆయన్ని తప్పుపట్టలేం.

దీనికి తోడు 2007 ఏప్రిల్‌లో పాత హైదరాబాద్ కార్పొరేషన్‌లో పన్నెండు చుట్టుపక్కల మున్సిపాలిటీలు కలిసి గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) అయింది. నగరం ఒక్కసారిగా 650 చదరపు కిలోమీటర్ల దాకా విస్తరించింది. కుక్కలు ఎక్కువగా ఉండే శివార్లన్నీ, కుక్కల శాలలు లేని ఊళ్లన్నీ లోపలికొచ్చాయి. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా ఇంకో 27 పురపాలికలను కలిపారు. డంప్‌యార్డ్ ఉన్న జవహర్‌నగర్ కూడా వాటిలోదే.

చెత్త సంగతి విడిగా చెప్పాలి. 2015లో స్వచ్ఛ హైదరాబాద్ అన్నారు, స్వచ్ఛ ఆటోలు తెచ్చారు, ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు. రోడ్డు మీది కుండీలను ఎత్తేస్తూ వచ్చారు. కుండీ పోయింది కానీ చెత్త వేసే అలవాటు పోలేదు. ఆదివారం రాత్రి ఏ చికెన్ షాపు ఉన్న మలుపు దగ్గరైనా నిలబడి చూడండి. షట్టర్ సగం దింపేసి ఉంటుంది. లోపల పైపుతో నేల కడుగుతుంటారు. ఈకలు, పేగులు, కాళ్లు నింపిన నల్ల సంచి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడుతుంది. పడిన నిమిషంలో ఆరేడు కుక్కలు చేరతాయి. ఒంటరిగా ఉన్నప్పుడు మనిషిని చూసి పక్కకు తప్పుకునే కుక్క ఆ సంచి చుట్టూ గుంపులో మరో రకంగా ఉంటుంది. అన్నం పెట్టే ఆంటీ మీద పడే కోపంలో పదో వంతు ఆ సంచి మీద పడదు.

2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబును కుక్కలు చంపేశాయి. తండ్రి కారు సర్వీస్ సెంటర్‌లో వాచ్‌మన్. సీసీ కెమెరా దృశ్యాలు ఊరంతా చూసింది. హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. మాంసం వ్యర్థాలు రోడ్డు మీద వేయొద్దని అధికారులు దుకాణాలకు చెప్పారు. సరిగ్గా ఆ సమయానికే, మార్చి 10న, కేంద్రం పాత నియమాల స్థానంలో కొత్తవి తెచ్చింది. కుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లల ఆటస్థలాలకు, మెట్లకు, వాకిళ్లకు దూరంగా ఉండాలని, ఆ చోటు ఏర్పాటు బాధ్యత నివాసుల సంఘాలదని అందులో ఉంది. చదివితే సబబుగానే ఉంటుంది. కానీ ఊరు ఆ బాబు కోసం ఏడుస్తున్నప్పుడు వచ్చింది కాబట్టి, ‘పిల్లలు పోతుంటే వీళ్లు కుక్కలకు భోజనాల ఏర్పాటు చేస్తున్నారు’ అన్న మాటే నిలిచిపోయింది. జంతు ప్రేమికుల పరువు ఈ ఊళ్లో అప్పటి నుంచి కోలుకోలేదు. 2024 జూలైలో జవహర్‌నగర్‌లో ఇంకో పసివాడు పోయాడు. నగరం చెత్తంతా చేరే డంప్‌యార్డ్ ఉన్న జవహర్‌నగర్‌లోనే.

పిల్లల తల్లిదండ్రుల వాదన బలహీనమైనదేం కాదు. ఇన్నేళ్లు ఈ పద్ధతికి అవకాశం ఇచ్చాం, ఇంకా నారాయణగూడలోని ప్రభుత్వ వ్యాధి నివారణ సంస్థ (ఐపీఎం) దగ్గర టీకా కోసం క్యూలో నిలబడుతూనే ఉన్నాం కదా అని వాళ్లు అడుగుతారు. రేబిస్ లక్షణాలు ఒకసారి మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. అలాంటి చోట ఓపిక పట్టండి అనడం తేలిక కాదు. దీనికి జవాబు ఒక్కటే. ఈ పద్ధతిని మనం చేసి ఓడిపోలేదు, పూర్తిగా చేయనే లేదు. ఈ జవాబు బిడ్డను పోగొట్టుకున్నవాళ్లకు చాలదని కూడా తెలుసు.

ఇక కోర్టుల విషయం. వీధికుక్కల మీది పాత కేసులను సుప్రీంకోర్టు 2024 మేలో ముగించి, కొత్త నియమాలున్నాయి కాబట్టి హైకోర్టులకు వెళ్లమంది. ఏడాది తిరిగేసరికి మళ్లీ తానే చేపట్టింది. 2025 ఆగస్టు 11న ఇద్దరు న్యాయమూర్తులు ఢిల్లీ ప్రాంతపు కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించాలని, తిరిగి వదలొద్దని చెప్పారు. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల బెంచి దాన్ని సవరించింది. ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని మాత్రం వదలకండి అంది. కేసును దేశమంతటికీ విస్తరించింది. నవంబర్ 7న సంస్థల ఆవరణలకు మళ్లీ ‘వదలొద్దు’ వచ్చింది. మూడు నెలల్లో మూడు ఉత్తర్వులు. మూడూ 2001 నాటి ఆ ఒక్క నిబంధన చుట్టూనే తిరిగాయి. మొదటి సగంలోని బాధ్యతల జాబితా మీద ఇంత పోరు ఎప్పుడూ జరగలేదు.

నవంబర్ ఉత్తర్వు ప్రకారం సంస్థలు ప్రహరీలు కట్టుకోవాలి, ఒక నోడల్ అధికారిని పెట్టుకోవాలి. స్థానిక సంస్థ కనీసం మూడు నెలలకోసారి వచ్చి చూడాలి. పట్టిన కుక్కను షెల్టర్‌లో ఉంచాలి. ఎన్నాళ్లు అంటే, అది బతికినన్నాళ్లు. ఫతుల్లాగూడ, చుడీబజార్ లాంటి చోట్ల కార్పొరేషన్‌కు జంతు సంరక్షణ కేంద్రాలున్నాయి. ఆపరేషన్ అయిన కుక్కను కుట్లు మానేదాకా నాలుగైదు రోజులు ఉంచి పంపేసే పద్ధతికి సరిపోయే బోనులవి. ఒక ఆసుపత్రి ఆవరణ నుంచి వచ్చిన రెండేళ్ల కుక్క అందులో ఇంకో పదేళ్లు ఉంటే, ఆ పదేళ్లూ ఆ బోనులోకి ఆపరేషన్ కోసం వేరే కుక్క రాలేదు.