అస్థిపంజరం: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను వైద్య విద్యార్థులకు అనాటమీ చెబుతాను. మొదటి ఏడాది పిల్లలు పెట్టె తెరిచి చేతిలోకి తీసుకునే ఎముకలన్నీ ఎండి, పాలిపోయి, తేలిగ్గా ఉంటాయి. క్లాసు మూలన వేలాడే అస్థిపంజరమూ అంతే. ఒంట్లో ఉన్నవి కూడా అలాంటివేనని వాళ్ళే కాదు, బాగా చదువుకున్న పెద్దవాళ్ళూ అనుకుంటారు. ఎముకల గురించి నా చెవిన పడే అపోహల్లో చాలావాటికి మూలం అదే.

అపోహ: ఎముకలో ప్రాణం ఉండదు. ఎదుగుదల ఆగాక అందులో మార్పేమీ జరగదు.

బతికున్న ఎముక లేత గులాబీ కలిసిన దంతపు రంగులో ఉంటుంది. రక్తనాళాలు దాని లోపలి దాకా వెళ్తాయి. పైన అంటిపెట్టుకుని ఉండే పల్చటి పొరలో నరాలు దండిగా ఉంటాయి. మోకాలి కింద, ముందువైపు ఎముక చర్మానికి ఆనుకునే ఉంటుంది కాబట్టి అక్కడ మంచం కోడు తగిలితే కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాయి.

లోపల రెండు రకాల కణాలు నిత్యం పనిలో ఉంటాయి. ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను తొలుస్తాయి. ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటల్ని కొత్త ఎముకతో పూడుస్తాయి. పెద్దవాళ్ళలో ఏటా సుమారు 10 శాతం ఎముక ఇలా కొత్తదవుతుంది. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనూ పళ్ళలోనూ ఉంటుంది. రక్తంలో దాని మోతాదు కాస్త తగ్గితే చాలు, మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను వదిలి ఎముక నుంచి తోడిస్తాయి. గుండె కొట్టుకోవాలన్నా, కండరం బిగుసుకోవాలన్నా రక్తంలో కాల్షియం ఉండాల్సినంత ఉండాలి మరి. ఆ అవసరం ముందు ఎముక గట్టిదనం వెనకపడిపోతుంది.

ఇంకో సంగతి. ఎముక తన మీద పడే బరువును బట్టి మారుతుంది. జర్మన్ సర్జన్ జూలియస్ వోల్ఫ్ 1892లోనే దీన్ని సూత్రంగా చెప్పాడు. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడేవాళ్ళకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. బరువు తెలియని అంతరిక్షంలో ఉండే వ్యోమగాములకైతే తుంటి దగ్గర నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక సాంద్రత తగ్గుతుంది. అందుకే ‘అరిగిపోతాయని నడక మానేశాను’ అని ఎవరైనా అంటే నాకు కంగారు పుడుతుంది.

అపోహ: ఎముక అంటే కాల్షియమే. అది సరిపడా ఉంటే చాలు.

ల్యాబ్‌లో మేము చూపించే పాత ప్రయోగం ఒకటుంది. సన్నటి ఎముకను కొన్ని రోజులు పల్చటి ఆమ్లంలో నానబెడితే కాల్షియం ఉండే ఖనిజమంతా కరిగిపోతుంది. ఆకారం చెక్కుచెదరదు గానీ ఎముక రబ్బరులా వంగుతుంది, ముడి కూడా వేయొచ్చు. ఇంకో ఎముకను బాగా కాలిస్తే అందులోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోతుంది. చూడ్డానికి ఎప్పటిలాగే ఉంటుంది, వేళ్ళతో నొక్కితే పొడి. ఇంటి స్లాబులో సిమెంటూ ఇనుప చువ్వలూ చేసే పనిని ఇక్కడ ఖనిజమూ కొల్లాజెనూ చేస్తాయి. బరువుకు నలిగిపోకుండా ఒకటి, వంపుకు పుటుక్కున విరగకుండా ఇంకొకటి. కాల్షియం మాత్రలు మాత్రమే మింగుతూ ప్రొటీన్, విటమిన్ డి, వ్యాయామం సంగతి మరచిపోతే సగం పనే చేసినట్టు.

అపోహ: ప్రతి మనిషికీ సరిగ్గా 206 ఎముకలు ఉంటాయి.

పరీక్షలో 206 అనే రాయండి, లేకపోతే మార్కు పోతుంది. నిజానికి అది ఎదిగిన మనిషికి మామూలుగా వేసే లెక్క. పుట్టినప్పుడు దాదాపు 270 నుంచి 300 దాకా ఉంటాయి. ఎక్కడెక్కడ గట్టిపడిన ముక్కను విడి ఎముకగా లెక్కేస్తామన్న దాన్ని బట్టి ఆ సంఖ్య మారుతుంది. తర్వాత అవి ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. నడుము కింద ఉండే త్రికాస్థి ఐదు పూసలు అతుక్కుని ఏర్పడిందే. తుంటి ఎముక మూడు ముక్కలుగా మొదలై టీనేజీలో ఒకటవుతుంది. అన్నిటికన్నా ఆలస్యంగా అతుక్కునేది కాలర్ బోన్‌కు రొమ్ము వైపు ఉండే చివర. దానికి ఇరవైలు సగం దాటాల్సి రావచ్చు. దొరికిన ఎముకల్ని బట్టి వయసు అంచనా కట్టే ఫోరెన్సిక్ వాళ్ళకు అది చాలా పనికొస్తుంది.

అన్నీ తగ్గడమే కాదు, కొత్తవి పుట్టడమూ ఉంది. పసిపిల్లల మోకాలి చిప్ప ఉత్త మృదులాస్థి, అంటే ఎముకంత గట్టిది కాని కార్టిలేజ్. అందులో ఎముక మొదలయ్యేది మామూలుగా మూడేళ్ళకు అటూ ఇటూగా. కొందరికి మెడ దగ్గర అదనంగా ఒక పక్కటెముక ఉంటుంది. ఏదో ఎక్స్‌రే తీయించుకుంటే అందులో బయటపడుతుంది, అంతవరకూ ఆ మనిషికి తెలియదు. ఇంతకీ ఆ 206లో 106 చేతుల్లోనూ పాదాల్లోనూ ఉన్నాయి. సగానికి పైనే!

అపోహ: మగవాళ్ళకు ఒక పక్కటెముక తక్కువ.

లేదు. ఇద్దరికీ 12 జతలే. ఈ మాట తప్పని అనాటమీ పండితుడు వెసాలియస్ 1543లోనే తేల్చాడు. ఇప్పటికీ ఏటా ఎవరో ఒక విద్యార్థి అడుగుతూనే ఉంటారు.

అపోహ: పళ్ళు కూడా ఎముకలే.

ఎముకల లెక్కలో పళ్ళు రావు. పంటి పైన ఉండే ఎనామిల్‌లో బతికున్న కణాలు ఉండవు, అందుకే విరిగిన ఎముక అతుక్కుంటుంది, విరిగిన పన్ను అతుక్కోదు.

అపోహ: వేళ్ళు విరుచుకుంటే కీళ్ళవాతం వస్తుంది.

టప్‌మనే చప్పుడు ఎముకలు రాసుకోవడం వల్ల రాదు. కీలు లోపలి ద్రవంలో పీడనం హఠాత్తుగా తగ్గి వాయువు బుడగ ఏర్పడడంతో వస్తుంది. డొనాల్డ్ అంగర్ అనే అమెరికన్ వైద్యుడు 50 ఏళ్ళ పాటు ఒక్క ఎడమచేతి వేళ్ళే విరుచుకుని, రెండు చేతుల్లో దేనికీ కీళ్ళవాతం రాలేదని 1998లో రాశాడు. ఒక్క మనిషి అనుభవంతో సైన్సు తేలదు, కానీ ఆ ఓపికకు దండం పెట్టాలి. ఆ తర్వాత కూడా ఈ అలవాటుకీ కీళ్ళవాతానికీ సంబంధం ఉన్నట్టు గట్టి ఆధారమేదీ రాలేదు. విరిచినప్పుడు నొప్పి ఉంటే మాత్రం అది వేరే విషయం, చూపించుకోవాలి.

అపోహ: నొప్పులేమీ లేవు కాబట్టి ఎముకలు గట్టిగానే ఉన్నట్టు.

మోకాళ్ళు నొప్పి పెట్టేది ఎక్కువగా కీలు దగ్గరి మృదులాస్థి అరిగినప్పుడు. ఎముక గుల్లబారే ఆస్టియోపొరోసిస్‌లో విరిగేదాకా నొప్పే ఉండకపోవచ్చు. వెన్నుపూస నలిగి, ఎత్తు తగ్గి, వీపు వంగినా ‘వయసు కదా’ అని వదిలేసేవాళ్ళు ఎందరో. నెలసరి ఆగిన ఆడవాళ్ళలో ఇది వేగం పుంజుకుంటుంది. మగవాళ్ళకు రాదనుకోవడం మరో అపోహ. ఎముక సాంద్రతను డెక్సా స్కాన్‌తో కొలుస్తారు. ఆరోగ్యంగా ఉన్న యువతీయువకుల సాంద్రతతో పోల్చి చెప్పే టి-స్కోరు మైనస్ 2.5 గానీ అంతకన్నా కిందికి గానీ ఉంటే ఆస్టియోపొరోసిస్ కిందే లెక్క.

అపోహ: కదిలించగలుగుతున్నాను, కాబట్టి విరగలేదు. మహా అయితే క్రాక్.

క్రాక్ అన్నా ఫ్రాక్చరే. కదలిక ఉండడం ఏ భరోసా ఇవ్వదు. మోకాలి కింద ఉండే రెండు ఎముకల్లో బయటివైపు ఉన్న సన్నటి ఫిబ్యులా మోసే బరువు చాలా తక్కువ కాబట్టి అది విరిగినా కొందరు నడిచేస్తారు.

అసలు మోసం చేసేది మణికట్టులోని స్కాఫాయిడ్ అనే బుల్లి ఎముక. జారిపడేటప్పుడు చెయ్యి ఆనిస్తే అది విరగొచ్చు. మొదటి ఎక్స్‌రేలో గీత కనిపించకపోవచ్చు, వాపూ పెద్దగా ఉండదు. బెణికిందనుకుని వదిలేస్తారు. దానికి రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు చివర నుంచి లోపలికి వెళ్ళి, అక్కడి నుంచి వెనక్కి ముంజేతి వైపు పారుతుంది. నడుమ విరిగితే వెనక ముక్కకు రక్తం అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది. బొటనవేలు పైకి చాచినప్పుడు దాని మొదట్లో ఒక గుంట పడుతుంది, చూసుకోండి. పడిన తర్వాత సరిగ్గా ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే బాగుందన్నా చేతికి కట్టు వేయించుకుని, 10 నుంచి 14 రోజుల్లో మళ్ళీ ఎక్స్‌రే గానీ, ఈలోపే ఎంఆర్ఐ గానీ తీయించాలి.