సింహాలు మోసిన చక్రం
కొత్త పార్లమెంటు భవనంపై నిలిపిన కంచు సింహాలు మూలం కన్నా ఉగ్రంగా ఉన్నాయన్న వాదన రేగిన ప్రతిసారీ చర్చ వాటి కోరల దగ్గరే ఆగిపోతోంది. అశోకుడి కథ అందరూ చదువుకున్నదే. ఈ తగవు అర్థం కావాలంటే చూడవలసింది 1950 జనవరి 26న గణతంత్రం తన జాతీయ చిహ్నం కోసం సారనాథ్ అశోక స్తంభపు సింహాల శిల్పం నుంచి ఏది తీసుకుంది, ఏది వదిలేసింది అన్నది.

1904-05 తవ్వకాల్లో సారనాథ్‌లో ఇంజనీరు ఓర్టెల్ వెలికితీసిన ఆ స్తంభ శీర్షంలో (స్తంభం తలపై నిలిపిన శిల్పంలో) వీపులు ఆనించుకున్న నాలుగు సింహాలున్నాయి. వాటి కింది గుండ్రటి దిమ్మె చుట్టూ ఏనుగు, ఎద్దు, గుర్రం, సింహం, నడుమ 24 ఆకుల చక్రాలు, అడుగున తలకిందులుగా విచ్చిన పద్మం ఉన్నాయి. సింహాల నోళ్లు తెరిచే ఉన్నా, పాయలు పాయలుగా తీర్చిన జూలులో, బిగువు సడలని నిలకడలో కనిపించేది కోపం కాదు, నిబ్బరం. అక్కడే 32 ఆకుల పెద్ద చక్రం శకలాలు కూడా దొరికాయి. అది సింహాల పైన నిలిచి ఉండేదని చరిత్రకారుల నిర్ణయం. అంటే మౌర్య శిల్పి దృష్టిలో సింహాలు ధర్మచక్రాన్ని మోసేవే తప్ప తామే శిఖరం కావు.

మనం స్వీకరించిన రూపంలో పై చక్రం లేదు, కింది పద్మాన్నీ తొలగించారు. చిత్రకారుడు నందలాల్ బోస్ శిష్యుడు దీనానాథ్ భార్గవ కోల్‌కతా జంతుప్రదర్శనశాలలో సింహాల తీరు గమనించి మరీ రాజ్యాంగ మూలప్రతికి ఆ బొమ్మ గీశారు. ఎంత శ్రద్ధగా గీసినా, పై చక్రం పోయాక చూపు నిలిచేది సింహాల ముఖాల మీదే. అసలు మలుపు ఇదే.

2005 నాటి జాతీయ చిహ్నం దుర్వినియోగ నిరోధక చట్టం ఈ రూపాన్నే షెడ్యూలుకు ఎక్కించింది. ఎదుటి నుంచి కనిపించే మూడు సింహాలు, దిమ్మె మధ్యలో చక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు పరుగెత్తే గుర్రం, కింద 'సత్యమేవ జయతే'. ముద్రలకు, కాగితాలకు సరిపడే చిన్న నమూనా ఒకటి, పెద్ద పరిమాణానికి వివరమైన నమూనా ఒకటి అందులో ఉన్నాయి. రెండూ గీసిన బొమ్మలే.

అందుకే 2022 జులై 11న ఆవిష్కరించిన 6.5 మీటర్ల, 9,500 కిలోల విగ్రహాన్ని దేనితో పోల్చాలన్న చిక్కు వచ్చింది. కింది నుంచి చూడడం వల్ల, పరిమాణం పెరగడం వల్ల సింహాలు ఉగ్రంగా కనిపిస్తున్నాయని కేంద్రమంత్రి హర్‌దీప్ పురీ అన్నారు. అప్పటి తృణమూల్ ఎంపీ జవహర్ సర్కార్ వంటి విమర్శకులు సారనాథ్ శిల్పం, కొత్త విగ్రహం చిత్రాలను పక్కపక్కన పెట్టి, మూలంలోని హుందాతనం స్థానంలో గాండ్రింపు వచ్చిందని, అవయవాల పొందిక చెదిరిందని ఎత్తి చూపారు. చూసే కోణం మారితే కోరలు పెద్దవిగా కనిపించవచ్చునేమో గానీ, శిల్పం మొత్తం స్వభావం మారిందన్న అభ్యంతరానికి అది పూర్తి జవాబు కాదు. కోర్టుకు వెళ్లినవారు 'సత్యమేవ జయతే' లేకపోవడాన్నీ ప్రస్తావించారు. చూసేవారి మనసును బట్టి భావన ఉంటుందని, చట్ట ఉల్లంఘన లేదని అదే ఏడాది సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు పిటిషన్‌ను కొట్టివేసింది. సింహాల ముఖాల్లో ఏ భావం పలకాలో షెడ్యూలులో ఎక్కడా లేదు.