ఆఫ్రికా పల్లెల్లో నీళ్లు, మరుగుదొడ్లు: అపోహలు - వాస్తవాలు

తూర్పు ఆఫ్రికాలో పల్లెల నీటి పథకాల మీద పనిచేస్తానని చెప్పగానే మనవాళ్లలో చాలామందికి ముందు జాలి కలుగుతుంది, ఆ వెంటనే సలహాలు మొదలవుతాయి. ఆ సలహాల్లో సగానికి సగం అపోహలే. నాకు తరచూ వినబడేవాటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఆఫ్రికా అంటే 54 దేశాలు. నేను చెప్పేది ఎక్కువగా కెన్యా, ఉగాండా, టాంజానియా, మలావీ, జింబాబ్వేల సంగతి.

అపోహ: అక్కడ అసలు నీళ్లే లేవు, అంతా ఎడారి.

నేలకింద బోలెడంత ఉంది. 2012లో బ్రిటిష్ జియలాజికల్ సర్వే శాస్త్రవేత్తలు కట్టిన అంచనా ప్రకారం, ఆ ఖండానికి ఏటా కొత్తగా చేరే మంచినీటికి వంద రెట్లకు పైగా భూగర్భంలో ఉంది. కాకపోతే అది అన్నిచోట్లా ఒకేలా లేదు, కొన్నిచోట్ల అందేంత పైన లేదు. పైన పడ్డ వాన నిలవదు. కెన్యాలోని మచాకోస్, మకువేని, కిటుయి ప్రాంతాల్లో ఏడాదికి రెండు వానకాలాలు. వాన పడితే వాగు పొంగుతుంది, కొద్దిరోజులకే ఇసుక తప్ప ఏమీ మిగలదు. అక్కడి కాంబా జనం ఆ ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకుంటారు.

ఆ ఇసుకనే ట్యాంకుగా వాడుకునే ఉపాయం ఇసుక ఆనకట్ట. వాగుకు అడ్డంగా రాతి గోడ కడితే ప్రతి వరదకూ దాని వెనక ఇసుక మేట వేస్తుంది, ఆ ఇసుక సందుల్లో నీరు నిలుస్తుంది. ముతక ఇసుకైతే దాని పరిమాణంలో మూడో వంతు దాకా నీళ్లే. ఎండకు అంతగా ఆవిరి కావు, దోమలు చేరవు. చూడ్డానికి తేలికే కానీ రెండు చోట్ల దెబ్బతింటాం. పునాది అడుగు రాతి దాకా దిగకపోతే నీరంతా కిందనుంచి జారిపోతుంది. గోడను తొందరపడి ఒక్కసారే ఎత్తు లేపితే ముతక ఇసుకకు బదులు ఒండ్రు పేరుకుంటుంది. ఒండ్రులో నీళ్లున్నా చెలమలోకి ఊరవు. ఈ గోడలకు రాళ్లు మోసేది, ఇసుక తట్టలు ఎత్తేది ఎక్కువగా ఆడవాళ్లే. మన దగ్గర నాట్లకు బదులుకు వెళ్లినట్టు, అక్కడ మ్వెత్యా అని పాతకాలం నుంచీ ఉన్న పద్ధతిలో కలిసి చేస్తారు.

అపోహ: బోరు వేసి పంపు బిగిస్తే ఊరికి నీళ్లు వచ్చేసినట్టే.

అన్నిటికన్నా ఎక్కువ డబ్బు తగలేసిన అపోహ ఇది. 2000ల చివర్లో రూరల్ వాటర్ సప్లై నెట్‌వర్క్ లెక్క తీస్తే, సహారాకు దిగువనున్న దేశాల్లో చేతిపంపులు దాదాపు మూడో వంతు పనిచేయడం లేదు. తర్వాతి అంచనాల్లో అది నాలుగో వంతుకు తగ్గింది. తగ్గినా, నాలుగింట ఒకటి!

ఉగాండాలో చాలా ఊళ్లలో కనిపించేది మన బోరింగే, ఇండియా మార్క్-2. అక్కడ దాన్ని యూ-2 అంటారు. గట్టి పంపు, అనుమానం లేదు. కానీ లోపలి వాషర్ అరిగిందంటే పైపులన్నీ బయటికి లాగాలి. క్లాంపు వేసి, మరలు విప్పి, ఒక్కో ఇనుప పైపూ పైకి తీయడానికి నలుగురు మనుషులు, సరైన సామాను కావాలి. భూగర్భజలంలో ఆమ్లగుణం ఉంటే ఆ జీఐ పైపుల జింకు పూత ఊడిపోయి తుప్పు పడుతుంది. పొద్దున్నే కొట్టిన మొదటి క్యానులో నీళ్లు ఎర్రగా వస్తాయి. ఉతికిన బట్టకు మరక, నోట్లో ఇనుము రుచి, వండిన కూర నల్లబడుతుంది. ఆఫీసు రికార్డులో ఆ పంపు 'పనిచేస్తోంది' అనే ఉంటుంది. ఆడవాళ్లు మాత్రం పాత కుంటకే వెళ్తుంటారు. చివరికి 2016లో ఉగాండా ప్రభుత్వం జీఐ పైపులు దించొద్దని ఆదేశించింది.

ఈ బాధ తప్పించడానికే 1980లలో మలావీ, కెన్యాల్లో ఆఫ్రిడెవ్ పంపును రూపొందించారు. దాని పైపులు పీవీసీ. పిస్టన్‌ను, అడుగు వాల్వును పైపులు కదిలించకుండానే పైకి తీయొచ్చు, ఒక్క స్పానరుతో విప్పొచ్చు. ఊళ్లో ఆడవాళ్లే బాగుచేసుకునేలా శిక్షణ ఇచ్చారు. అయితే రబ్బరు సీలు ఖరీదు స్వల్పమే, అది దొరికే దుకాణం ఎక్కడుందన్నదే ప్రశ్న. ఊరికి నలభై కిలోమీటర్ల దూరంలో ఉంటే బస్సు చార్జీ సీలు కన్నా ఎక్కువవుతుంది.

అపోహ: సొంత చేతులతో కట్టుకున్నారు కాబట్టి వాళ్లే చూసుకుంటారు.

శ్రమదానం గొప్పదే. మలావీలో 1960ల చివరినుంచి కొండవాగుల నీటిని పైపుల్లో కిందికి తెచ్చిన పథకాలకు మైళ్ల కొద్దీ కాలువలు ఊరివాళ్లే తవ్వారు. కానీ కాలువ తవ్వడం ఒక సీజను పని. పథకం నడవడం ఇరవై ఏళ్ల పని. నీటి కమిటీలో కోశాధికారి ఉంటారు, చందా పుస్తకం ఉంటుంది. పంపు బాగా నడుస్తున్నంతకాలం చందా ఇవ్వాలని ఎవరికీ అనిపించదు. చెడిపోయాక అడిగితే, "నీళ్లే రావడం లేదు, డబ్బు దేనికి?" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో మెయింటెనెన్స్ వసూలు చేసిన వాళ్లెవరినైనా అడగండి.

కిటుయి జిల్లాలో చేసిన ప్రయత్నం నాకు నచ్చింది. పంపు పిడిలో చిన్న పరికరం పెట్టారు. ఎంత కొట్టారో అది మొబైల్ నెట్‌వర్క్ మీద కబురు పంపుతుంది, పంపు ఆగిపోతే మెకానిక్‌కు తెలిసిపోతుంది. ఇంచుమించు నెల పట్టే మరమ్మతు మూడు రోజుల లోపే అయింది. ఆ తర్వాత అక్కడ ఊళ్లు నెలనెలా కొంత కడితే మరమ్మతు బాధ్యత తీసుకునే ఒక కంపెనీ వచ్చింది. కమిటీ ఉండాలి, కానీ జీతం తీసుకునే మెకానిక్ బదులుగా కాదు. విరాళం ఇవ్వాలనుకునేవాళ్లు బోరు ఖరీదు అడుగుతారు. అయిదో ఏట పైపు ఎవరు మారుస్తారని అడిగినవాళ్లు నాకు తక్కువే తగిలారు.

అపోహ: కొత్త రకం యంత్రం పెడితే సరిపోతుంది.

పిల్లలు రంగులరాట్నం తిప్పితే నీళ్లు పైకొచ్చే ప్లేపంప్‌ను 2006లో అమెరికాలో ఘనంగా ప్రకటించారు. 2010కల్లా 4000 పెట్టాలన్నారు. అనుకున్నంత నీరు రావాలంటే పిల్లలు రోజుకు 27 గంటలు ఆడాలని ఒక బ్రిటన్ పత్రిక లెక్కగట్టింది. ఇంకేం చెప్పాలి.

అపోహ: నీళ్లు తేటగా ఉంటే మంచివే.

తూర్పు ఆఫ్రికా రిఫ్ట్ లోయలో బోరు నీళ్లు అద్దంలా ఉంటాయి, ఫ్లోరైడ్ మాత్రం లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఎన్నో చోట్ల దాటేస్తుంది. గారపట్టిన పళ్లు, వంగిపోయిన కాళ్లు. నల్గొండ చూసినవాళ్లకు నేను వర్ణించక్కర్లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ టెక్నిక్' అదే పేరుతో ఇథియోపియా, టాంజానియాలకూ వెళ్లింది. రోజూ సరైన మోతాదు కలపడం, అడుగున మిగిలే బురదను ఎక్కడ పారబోయాలన్న చిక్కు అక్కడా తప్పలేదు. కెన్యాలోని నకూరులో పశువుల ఎముకలు కాల్చి చేసిన బొగ్గుతో వడకట్టే పద్ధతి నడిచింది.

ఊట దగ్గర శుభ్రంగా ఉన్న నీరు ఇంటికొచ్చేసరికి పాడవడం ఇంకో సంగతి. పశ్చిమ కెన్యాలో బుసియా దగ్గర ఊటలకు సిమెంటు కట్టుబడి చేశాక, ఊట దగ్గర మలసంబంధ కాలుష్యం మూడింట రెండొంతులు తగ్గింది. ఇంట్లో దాచుకున్న నీటిలో నాలుగో వంతే తగ్గింది. ఇరవై లీటర్ల పసుపు జెర్రీ క్యాను మూతి చిన్నది, చెయ్యి పట్టదు. లోపల పాకుడు పడితే గుప్పెడు ఇసుక, కాసిని నీళ్లు పోసి గిలకరించడమే దారి. అందుకే ఊట పక్కనే క్లోరిన్ డబ్బా పెట్టి, క్యాను నింపేటప్పుడే సరిపడా ఒక మోతాదు పడేలా చేయడం అక్కడ పనికొచ్చింది.

అపోహ: మరుగుదొడ్డికి గుంటా గోడా ఉంటే చాలు.

1970లలో జింబాబ్వేలోని బ్లెయిర్ ప్రయోగశాలలో పీటర్ మోర్గన్ రూపొందించిన దొడ్డి ఇప్పటికీ నాకు ముచ్చటగా ఉంటుంది. గుంట నుంచి పైకి ఒక గొట్టం, దాని కొనకు జాలీ. గొట్టం మీదుగా గాలి వీస్తే వాసన పైకి లాగేసుకుంటుంది. లోపల చీకటిగా ఉంటుంది కాబట్టి గుంటలోని ఈగలు వెలుగు కనిపించే గొట్టం వైపు పోయి జాలీ దగ్గర చిక్కుకుని చస్తాయి. నత్తగుల్లలా చుట్టు తిరిగే గోడ, తలుపు లేదు, అయినా చీకటే. శుభ్రతకు మంచిదని ఎవరో రంధ్రం మీద మూత పెడతారు, ఇంకొకరు వెలుతురు కోసం కిటికీ పెడతారు. ఆ రెంటితోనూ దాని పని పాడవుతుంది.

ఇటుక, సిమెంటు కొనలేని ఇళ్లకు ఆయనే చెప్పిన ఆర్బర్‌లూ ఉంది. మీటరు లోతు గుంట, చిన్న కాంక్రీటు పలక. వాడిన ప్రతిసారీ మట్టి, బూడిద చల్లాలి. నిండాక పలక, తడిక పక్క గుంటకు జరిపి పాతదాని మీద మట్టి కప్పి మొక్క నాటుతారు. స్థలం ఇరుకైన పెద్ద ఊళ్లలో, బడుల్లో ఇది పనికిరాదు. అక్కడ ఖర్చయినా లోతైన, గట్టి వరల గుంటే కట్టాలి.