మీ ఫోన్లలో షట్టర్ బటన్ ఎందుకు తీసేశానంటే

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవులు పెద్దోడికీ, చిట్టికీ తాతయ్య ఆశీస్సులు.

మన కారు షెడ్డు షట్టర్ బటన్ మీ ఫోన్లలో కనబడటం లేదనీ, యాప్ పాడైందేమో అనుకుంటున్నారనీ మీ అమ్మ చెప్పింది. పాడవలేదర్రా, నేనే తీసేశాను. ఫోన్లో చెప్పబోతే మధ్యలో మీరు నవ్వుతారు, నేను అరుస్తాను, అసలు సంగతి ఎగిరిపోతుంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

మొన్న ఆదివారం మధ్యాహ్నం హైదరాబాద్‌లో సోఫా మీద కూర్చుని మీరిద్దరూ 'పైకి', 'కిందికి' అంటూ పందెం వేసుకుని నొక్కారు కదా. ఆ సమయానికి ఇక్కడ అమ్మమ్మ షట్టర్ గడప దగ్గర పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తోంది. మూడింటికి సముద్రపు గాలి సరిగ్గా ఆ వారకే తగులుతుందని ఆవిడ రోజూ అక్కడే కూర్చుంటుంది. పైన గరగరమని చప్పుడు రాగానే పీటతో సహా వెనక్కి జరిగింది. చేట మాత్రం అక్కడే ఉండిపోయింది. షట్టర్ కింది పట్టీ పడి వెదురు చేట అంచు అప్పడంలా నలిగిపోయింది. చింతగింజలు కారు చక్రాల దాకా దొర్లాయి. అమ్మమ్మకు ఏమీ కాలేదు. చేట పోయినందుకు మాత్రం ఇప్పటికీ సణుగుతూనే ఉంది.

ఇందులో మీ తప్పు పావలా వంతు. ముప్పావలా నాది.

ఎలాగంటే, మీరు ఫోన్లో నొక్కేది షట్టర్‌ని కాదు. గోడ మీదున్న బటన్‌ని. ఆ బటన్ లోపల ఏముందో స్టూలెక్కి మూత తీసి చూస్తే మీకే నవ్వొస్తుంది. రెండు రేకు ముక్కలు. వేలితో నొక్కితే అతుక్కుంటాయి, వదిలితే విడిపోతాయి. అంతే. నేను పెట్టిన వైఫై బోర్డులో రిలే అనే చిన్న నీలం డబ్బా ఉంటుంది. అందులోనూ అవే రెండు రేకులు. వేలికి బదులు ఒక తీగచుట్ట అయస్కాంతంలా మారి వాటిని కలుపుతుంది. టిక్‌మని చప్పుడు వస్తుందే, అది ఆ రేకులు కలిసిన చప్పుడు. అంటే స్మార్ట్ కంట్రోలర్ అని ఎంత గొప్పగా చెప్పుకున్నా అది ఒక వేలు. హైదరాబాద్ దాకా సాగిన వేలు. దానికి కళ్లు లేవు. కళ్లు పెట్టకుండా వేలు పెట్టింది నేను. అదీ నా ముప్పావలా.

మావయ్య పోయినేడు న్యూజెర్సీ నుంచి సబ్బుపెట్టె అంత తెల్ల డబ్బా ఒకటి తెచ్చాడు, గుర్తుందా? అక్కడి గ్యారేజీలకు పెట్టే కంట్రోలర్ అది. అక్కడి తలుపు మన షట్టర్‌లా చుట్టుకోదు. పలకలు పలకలుగా ఉండి, పట్టాల మీద పైకెక్కి, కప్పు కింద పడుకుంటుంది. దానికి గోడ మీద ఒకటే బటన్. నొక్కితే తెరుచుకుంటుంది, మళ్లీ నొక్కితే మూసుకుంటుంది, మధ్యలో నొక్కితే ఆగుతుంది, ఇంకోసారి నొక్కితే వచ్చిన దారినే తిరిగిపోతుంది. మన షట్టర్ మోటార్‌ని నడిపే పెట్టెకు మూడు బటన్లు: పైకి, ఆపు, కిందికి. ఒక్క వేలున్న డబ్బా దీనికేం సరిపోతుంది? దాంతో వచ్చిన సెన్సార్ ఇంకా విచిత్రం. తలుపు నిలువుగా ఉందా, పడుకుందా అని అది చూస్తుంది. మన షట్టర్ కింది పట్టీ పైనున్నా కిందున్నా నిలువుగానే ఉంటుంది. కాబట్టి ఆ సెన్సార్ లెక్కలో మన షెడ్డు ఎప్పుడూ మూసే ఉంది! ఆ డబ్బా ఇప్పుడు అమ్మమ్మ దేవుడి గూట్లో అగ్గిపెట్టెల పక్కన ఉంది. మావయ్యకు చెప్పకండి.

చివరికి నాలుగు రిలేల బోర్డు తెప్పించాను. కొనేముందు ఒకటి చూసుకోవాలి. రిలే వోల్టేజీ లేని కాంటాక్ట్ ఇవ్వాలి, ఎలక్ట్రికల్ వాళ్లం డ్రై కాంటాక్ట్ అంటాం. లైట్లకూ ఫ్యాన్లకూ పెట్టే మామూలు స్మార్ట్ స్విచ్ అలా కాదు, ఆన్ చేస్తే 230 వోల్టులు బయటికి పంపుతుంది. మన షట్టర్ పెట్టెలో బటన్ల తీగలు బిగించే టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే ఉన్నది 12 వోల్టులు. అక్కడికి 230 పంపితే బోర్డు ఒక్క క్షణంలో బూడిద. పెట్టె లేకుండా మోటార్‌కే నేరుగా తగిలించే రకాలూ ఉన్నాయి. వాటిలో పైకి ఒక వైరు, కిందికి ఒక వైరు. రెండింటికీ ఒకేసారి కరెంటు వెళ్తే మోటార్ కాలుతుంది కాబట్టి ఒక రిలే పడితే రెండోది పడకుండా ఇంటర్‌లాక్ ఉండాలి. మన పెట్టెలో ఆ ఏర్పాటు ముందే ఉంది.

స్టీల్ ప్లాంట్‌లో అన్నేళ్లు ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చేసినవాణ్ణి కదా, నాకొక అలవాటు. మెయిన్ ఆపేసి, ఫ్యూజు క్యారియర్ పీకి, జేబులో వేసుకుంటాను. ఫ్యూజు నా జేబులో ఉన్నంతసేపూ ఎవరు పొరపాటున ఏ స్విచ్ వేసినా నాకేం కాదు. ఆ తర్వాత కూడా టెస్టర్ పెట్టి చూడకుండా తీగ ముట్టుకోను. అమ్మమ్మ ఆ చొక్కా ఉతకబోయి రెండుసార్లు ఫ్యూజు బకెట్లో వేసింది, అది వేరే కథ.

తీగలు కలపడం అరగంట పని. మూడు బటన్లకూ ఉమ్మడిగా ఉండే కామన్ టెర్మినల్ నుంచి ఒక తీగ, 'పైకి', 'ఆపు', 'కిందికి' నుంచి ఒక్కొక్కటి, గోడ బటన్ తీగల పక్కనే. గోడ బటన్ తీగలు తియ్యకూడదు. రేపు ఇంటర్నెట్ పోయినా, నా ఫోన్ సముద్రంలో పడినా గోడ బటన్ పనిచెయ్యాలి. అరగంట పనికి నేను పూట తీసుకున్నానంటే కారణం మన ఊరి గాలి. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుంది, రాగి చిలుము పడుతుంది. పాత కాలింగ్ బెల్ తీగ విప్పితే కొస పచ్చగా, వేలితో నలిపితే పొడి రాలేలా ఉంది. అందుకని ప్రతి కొసకూ లగ్గు అనే లోహపు తొడుగు నొక్కి, మీద ప్లాస్టిక్ స్లీవ్ వేడి చేసి బిగించాను. రిలే బోర్డు ఉన్న డబ్బాను షెడ్డు లోపలి గోడకే పెట్టి, తీగల్ని కింది వైపు నుంచే లోపలికి తీసుకెళ్లాను. తీగ ముందు ఒక వంపు దిగి తర్వాత పైకెక్కుతుంది. వాన నీళ్లు పాకినా ఆ వంపు దగ్గరే బొట్టుబొట్టుగా రాలిపోతాయి.

మొదటిరోజు ఒక గమ్మత్తు జరిగింది. యాప్‌లో 'పైకి' నొక్కాను, షట్టర్ లేచింది. గోడ మీద 'కిందికి' నొక్కితే కదలదు. మోటార్ పోయిందనుకుని నాకు టెన్షన్. తీరా చూస్తే రిలే పడి అలాగే ఉండిపోయింది. వేలు తియ్యకుండా నొక్కి పట్టుకున్నట్టన్నమాట. సెట్టింగ్‌లో దాన్ని అర సెకను నొక్కి వదిలేలా మార్చాక దారికొచ్చింది.

రెండోది అంత సరదా కాదు. ఒక రాత్రి కరెంటు పోయి తెల్లవారుజామున వచ్చింది. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి తలుపు కొట్టి, "తాతా, మీ షట్టరు నడుం దాకా లేచుంది, చూసుకున్నారా?" అన్నాడు. కరెంటు రాగానే బోర్డు నిద్రలేస్తూ ఒక్క క్షణం రిలేని కొట్టింది! కొన్ని బోర్డులకు ఈ జబ్బు ఉంటుంది. కరెంటు వచ్చాక రిలేలు ఆఫ్‌లోనే ఉండాలని సెట్ చేసి, అప్పటికీ నమ్మకం లేక పగటిపూట మెయిన్ పదిసార్లు ఆపి వేసి చూశాను. ఎనిమిదోసారి మళ్లీ కొట్టింది. ఆ బోర్డు తీసి పక్కన పడేసి వేరేది పెట్టాను. ఇలాంటివి మూడుసార్లు చూసి సరే అనుకుంటే కుదరదు.

వైఫై గురించి పెద్దగా చెప్పేదేం లేదు. మేడ మీది రూటర్‌కీ షెడ్డుకీ మధ్య స్లాబు, పక్కన ఇనుప షట్టర్. ఈ బోర్డు వైఫై తరంగాల్లో 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది, నా ఫోనేమో 5 మీద ఉంది, అందుకే మొదట్లో ఒకదానికొకటి దొరకలేదు. మెట్ల మలుపులో వైఫైని ముందుకు అందించే రిపీటర్ పెట్టాక గొడవ లేదు.

ఇప్పుడు అసలు సంగతి, కళ్లు. యాప్ చెప్పే అబద్ధం ఒకటుంది. మన బోర్డూ రూటరూ ఇప్పుడు ఇన్వర్టర్ మీద ఉన్నాయి, షట్టర్ మోటార్ లేదు. కరెంటు లేనప్పుడు 'కిందికి' నొక్కితే రిలే టిక్‌మంటుంది, యాప్ 'మూసుకుంది' అని చూపిస్తుంది, షట్టర్ మాత్రం పైనే ఉంటుంది. యాప్‌కు తెలిసింది తను నొక్కానన్న మాటే. తలుపు కదిలిందో లేదో చెప్పాల్సింది ఇంకొకరు.

ఆ చెప్పేదాన్ని రీడ్ స్విచ్ అంటారు. గాజుగొట్టంలో రెండు సన్నటి ఇనుప రేకులు. దగ్గరికి అయస్కాంతం వస్తే అతుక్కుంటాయి, దూరమైతే విడిపోతాయి. 1936లో బెల్ ల్యాబ్స్‌లో ఎల్‌వుడ్ అనే ఆయన కనిపెట్టాడు, ఇప్పటికీ ఇంతకన్నా తేలికైనది లేదు. అయస్కాంతం షట్టర్ కింది పట్టీకి, స్విచ్ పక్క గోడకు, నేలకు దగ్గరగా. కానీ ఇనుప పట్టీకి అయస్కాంతాన్ని అంటిస్తే దాని బలం సగం ఇనుమే తాగేస్తుంది, స్విచ్ దాకా చేరదు. మధ్యలో ప్లాస్టిక్ ఏదైనా పెట్టాలి. చిట్టీ, సంక్రాంతికి వచ్చినప్పుడు విరగ్గొట్టి మంచం కింద దాచిన నీ పసుపు స్కేలు ఇప్పుడు అక్కడుంది.

రీడ్ స్విచ్ ఒక కన్ను. షట్టర్ పూర్తిగా దిగిందా అన్నది మాత్రం చెబుతుంది. కింద అమ్మమ్మ ఉందా, వీధి నల్లకుక్క పడుకుందా అన్నది చెప్పదు. చేట నలిగిన మర్నాడు నేనొక పరీక్ష చేశాను. బంగినపల్లి మామిడిపళ్ల అట్టపెట్టె ఖాళీది గడప మీద పెట్టి 'కిందికి' నొక్కాను. మోటార్ కాస్త మూలిగింది, ఆగలేదు. పెట్టె మధ్యలో మడతపడి చపాతీలా అయిపోయింది. అట్ట చిట్లే ఆ చప్పుడు విన్నాక నాకు కాసేపు కాళ్లాడలేదు.

అమెరికాలో ఇలాగే గ్యారేజీ తలుపుల కింద పడి పిల్లలు చనిపోయారు. దాంతో 1990లో అక్కడ చట్టం తెచ్చారు. 1993 జనవరి 1 నుంచి తయారయ్యే ప్రతి ఇంటి గ్యారేజీ మోటార్‌కూ అడ్డం తెలుసుకునే ఏర్పాటు తప్పనిసరి. అక్కడ తలుపుకి అటూ ఇటూ రెండు చిన్న కళ్లు పెడతారు, నేల నుంచి 6 అంగుళాలు దాటకుండా. పాకే పాపాయి కూడా తగలాలి కదా. ఒక కన్ను కంటికి కనబడని కాంతి పంపుతుంది, ఇంకోటి అందుకుంటుంది. మధ్యలో ఏదైనా వస్తే తలుపు వెనక్కి లేస్తుంది. ఎదురుగా మనిషి లేకుండా ఫోన్‌తో మూసేటప్పుడైతే కదలడానికి ముందు కనీసం 5 సెకన్లు మోత మోగాలి, లైటు వెలగాలి.

మనకు ఆ చట్టం లేకపోతేనేం, మన అమ్మమ్మ ఉంది. ఆ కళ్లు తెప్పించి గడపకు అటూ ఇటూ 5 అంగుళాల ఎత్తులో బిగించాను. నాలుగో రిలేకు హూటర్ తగిలించాను. ఇప్పుడు యాప్‌లో 'కిందికి' నొక్కితే ముందు 5 సెకన్లు కూత, తర్వాతే కదలిక. వీధిలోవాళ్లు మొదటిరోజు అంబులెన్స్ అనుకున్నారు.

ఆ కళ్ల తీగల్లో ఒక తెలివి ఉంది, పెద్దోడా, నువ్వు గమనించు. దారి ఖాళీగా ఉన్నంతసేపూ ఆ సర్క్యూట్ కలిసే ఉంటుంది. ఏదైనా అడ్డొస్తే తెగుతుంది. దాంతో ఎలుక తీగ కొరికినా, ఉప్పుగాలికి చిలుము పట్టి తెగినా పెట్టెకు 'ఎవరో అడ్డున్నారు' అనే అర్థమవుతుంది, షట్టర్ దిగదు. ప్లాంట్‌లో కన్వేయర్ బెల్టు పక్కన పొడవునా ఉండే ఎమర్జెన్సీ తాడు స్విచ్‌లు కూడా ఇదే పద్ధతి. చెడిపోతే ఆగిపోవాలి గానీ, చెడిపోయి నడవకూడదు.

తాళాల విషయం నాలుగు మాటల్లో. ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే అకౌంట్, వేరే పాస్‌వర్డు. 2023లో అమెరికాలో ఒక కంపెనీ అమ్మిన గ్యారేజీ కంట్రోలర్లన్నిటికీ లోపల ఒకే పాస్‌వర్డు ఉందని బయటపడింది, ఒకటి తెలిస్తే ఊళ్లో అందరి తలుపులూ తెరవొచ్చన్నమాట. మాటతో తెరిచే సదుపాయం పెట్టుకుంటే పిన్ అడిగేలా పెట్టాలి, లేకపోతే కిటికీ బయట నిలబడి ఎవడైనా కేకేస్తాడు. కారు బీచ్ రోడ్డు మలుపు తిరగ్గానే షట్టర్ దానంతటదే లేచే సదుపాయం కూడా ఉంది. నేను ఆపేశాను. నా కారొస్తోందని దానికి తెలుసు, నేను మధ్యలో పెసరట్టుకు ఆగుతానని తెలియదు.

షట్టర్‌ని చేత్తో లాగే గొలుసు మాత్రం తియ్యనివ్వలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మన ఊరి మీద తీరం దాటినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. అప్పుడు మన షట్టర్ చేత్తో లాగేదే కాబట్టి గడిచింది. తర్వాత మోటార్ పెట్టించినప్పుడు చేతిగొలుసు ఉన్నదే కావాలని పట్టుబట్టాను. వేసవి సెలవులకొస్తే మీ ఇద్దరి చేతా లాగిస్తాను. చెయ్యి నొప్పెడుతుంది, లాగాలి.

ఈ రాత్రికి మీ ఫోన్లలో 'ఆపు' బటన్ ఒక్కటే కనబడుతుంది. అది ఎక్కణ్ణుంచి నొక్కినా ఎవరికీ నష్టం లేదు. మిగతా రెండూ, మీరొచ్చి గడప మీద అట్టపెట్టె పెట్టి షట్టర్ వెనక్కి లేవడం మీ కళ్లతో చూశాక.

అమ్మమ్మకు పూర్ణా మార్కెట్‌లో కొత్త చేట కొన్నాను. 120 రూపాయలు. మీ పావలా వాటా 30. పండగ డబ్బుల్లోంచి పట్టుకుంటాను.

మీ తాతయ్య