నల్లదైతే ఎక్కుతదా? బీరు మీద నేను రోజూ వినే అపోహలు

హైదరాబాద్‌లో ఓ మైక్రోబ్రూవరీలో బీరు చేయడం నా ఉద్యోగం. ఊళ్లో ఎవరైనా అడిగితే మా మేనత్త ఇప్పటికీ "మావోడు కంపెనీల చేస్తడు" అని ఊరుకుంటుంది. మాది భువనగిరి వైపు గీత పని చేసిన కుటుంబం. తాత తాడెక్కినన్నాళ్లూ ఆ మాట చెప్పుకోవడానికి ఎవరికీ మొహమాటం లేదు. మనవడు మ్యూనిక్ దాకా వెళ్లి పని నేర్చుకొచ్చి, స్టీలు ట్యాంకుల మధ్య ఇంచుమించు అదే చేస్తుంటే మాత్రం పెళ్లిచూపుల్లో దాచాల్సి వచ్చింది.

కౌంటర్ అవతల నిలబడి ఇన్నేళ్లుగా విన్నవాటిలో కొన్ని ఇక్కడ రాస్తున్నా.

అపోహ: నల్ల బీరు స్ట్రాంగ్, పసుపుది లైట్.

పోయిన నెల ఓ కుర్రాడు మా స్టౌట్ వంక చూసి "నల్లది వద్దన్నా, ఎక్కుతది, బండి మీద పోవాలె" అన్నాడు. పక్కన మెరుస్తున్న బంగారు రంగుది చూపించి అదే రెండు గ్లాసులు లాగించాడు. ఆ బంగారు రంగుది బెల్జియన్ పద్ధతిలో చేసింది, ఏడున్నర శాతం ఆల్కహాల్. వద్దన్న నల్లది నాలుగున్నర. తాళంచెవి మా దగ్గర పెట్టించి క్యాబ్ ఎక్కించాం.

రంగు వచ్చేది గింజను వేయించడం వల్ల, కాఫీ గింజలాగే. ఆల్కహాల్ వచ్చేది చక్కెర వల్ల. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని వేడినీళ్లలో నానబెడితే అందులోని పిండి చక్కెరవుతుంది. ఈస్ట్ ఆ చక్కెర తిని ఆల్కహాల్, గ్యాస్ ఇస్తుంది. నల్ల బీరులో మాడ్చిన గింజ పదోవంతుకు అటూఇటూగానే ఉంటుంది, అందులోంచి ఈస్ట్‌కు దొరికేదీ తక్కువే. డబ్లిన్ గిన్నిస్ డికాషన్ రంగులో ఉంటుంది, ఆల్కహాల్ 4.2 శాతం. మన వైన్స్‌లో అమ్మే పసుపు రంగు స్ట్రాంగ్‌లో దాదాపు దానికి రెట్టింపు ఉంటుంది.

అపోహ: మన బీరులో గ్లిజరిన్ కలుపుతారు, సీసా నీళ్లలో తలకిందులుగా పెడితే బయటికొస్తుంది.

ఇది కాలేజీ రోజుల్లో నేనూ చేశాను. హాస్టల్ గదిలో స్టీలు గ్లాసు నిండా నీళ్లు, మూత తీసిన సీసాను బొటనవేలితో మూసి, తలకిందులు చేసి నీళ్లలో ముంచి వేలు తీయడం. సన్నని తీగలాగా ఏదో కిందికి జారుతుంది, నూనె దిగినట్టు. "చూశావా, గ్లిజరిన్!" అని అందరం నోళ్లు తెరిచాం. తర్వాత ఆ సీసా తాగితే చప్పగా ఉంది. గ్లిజరిన్ పోయింది కాబట్టి ఆరోగ్యం అనుకున్నాం.

జారింది బీరే. ఈస్ట్ తినలేక వదిలేసిన చక్కెరలు మిగిలి ఉంటాయి కాబట్టి లీటరు బీరు సాధారణంగా లీటరు నీళ్లకన్నా కొన్ని గ్రాములు, ఒక్కోసారి పది గ్రాముల దాకా బరువు తూగుతుంది. బరువైంది కిందికి దిగుతుంది, తేలికైన నీళ్లు సీసా మెడలోకి ఎక్కుతాయి. అందుకే చప్పబడింది, మేం తాగింది నీళ్లు కలిసిన బీరు. నమ్మకపోతే ఏ షర్బత్ సీసాతోనైనా చేసి చూడండి, అదే తీగ. గ్లిజరిన్ మాటకొస్తే, పులిసేటప్పుడు ఈస్ట్ తనంతట తానే కాస్త తయారుచేస్తుంది, లీటరుకు ఒకటి రెండు గ్రాములు. అది జర్మన్ బీరులోనూ ఉంటుంది, మా తాత కల్లులోనూ ఉండేది.

అపోహ: బీరే కదా, మందు కాదు.

లెక్క చూద్దాం. 650 ఎం.ఎల్. స్ట్రాంగ్ బీరు, లేబుల్ మీద ఎనిమిది శాతం మించదు అని రాసుంటుంది. ఏడు శాతమే అనుకుందాం. లోపల అచ్చమైన ఆల్కహాల్ 45 ఎం.ఎల్. పైచిలుకు. 30 ఎం.ఎల్. విస్కీ పెగ్గులో 13 ఎం.ఎల్. లోపే. అంటే ఒక ఫుల్ బీరు మూడున్నర పెగ్గులు. "నేను మందు ముట్టను, ఆదివారం రెండు బీర్లు అంతే" అనే మా బావకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. పొట్ట పెరగడానికి మిర్చిబజ్జీలే కారణమని అప్పటిదాకా ఆయన వాదన. బజ్జీలకూ వాటా ఉంది, కాదనను.

దేశంలో అమ్ముడయ్యే బీరులో సింహభాగం స్ట్రాంగే. మనవాళ్ల నాలుక అలాంటిదనుకుంటారు గానీ, నా ఉద్దేశంలో కారణం జేబు. మన దగ్గర బీరు మీద పన్ను చాలావరకు సీసా లెక్కనో ధర లెక్కనో పడుతుంది, లోపల ఆల్కహాల్ పెరిగిన కొద్దీ అదే దామాషాలో పెరగదు. ఐదు శాతం సీసాకూ ఎనిమిది శాతం సీసాకూ ధరలో పెద్ద తేడా లేనప్పుడు, రోజు కూలీ మీద బతికే మనిషి ఏది కొంటాడు?

అపోహ: ఫారిన్‌వాళ్లు పద్ధతిగా తాగుతారు, మనవాళ్లకు తాగడం రాదు.

నాకు ఒళ్లు మండే మాట ఇదే.

జర్మనీలోని కొలోన్‌లో మొదటిసారి ఆ ఊరి బీరు కోల్ష్ తాగడానికి వెళ్లినప్పుడు నా ముందు 200 ఎం.ఎల్. గ్లాసు పెట్టారు, మందు సీసా మూతలా అనిపించింది. రెండు గుక్కల్లో అయిపోయింది. గ్లాసు కింద పెట్టీ పెట్టకముందే నీలం ఆప్రాన్ కట్టుకున్న పెద్దాయన ఇంకోటి పెట్టి, అట్టముక్క మీద పెన్సిల్‌తో గీత గీసిపోయాడు. నేను అడగలేదు. మర్యాద కొద్దీ తాగాను. ఇంకోటి వచ్చింది. ఏడో గీత దగ్గర పక్క టేబుల్ అమ్మాయి నవ్వాపుకోలేక, నా గ్లాసు మీద ఆ అట్టముక్క మూతలా పెట్టింది. చాలు అని చెప్పే పద్ధతి అక్కడ అదట. చిన్న గ్లాసుకు కారణం ఉంది: వేడెక్కేలోపే అయిపోతుంది, ప్రతి గ్లాసూ తాజాగా ఉంటుంది. ఏడు గ్లాసులు కలిపినా నేను తాగింది రెండు సీసాలకు కాస్త ఎక్కువ, అదీ ఐదు శాతం లోపు బీరు, మూడు గంటల్లో. లేచి మామూలుగా నడిచి వచ్చాను. నా పద్ధతి మారలేదు, గ్లాసు మారింది.

దీనికి తలకిందులైన కథ ఆస్ట్రేలియాది. 1916లో, మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా, అక్కడి చాలా రాష్ట్రాల్లో బార్లు సాయంత్రం ఆరింటికే మూసేయాలని పెట్టారు. ఐదింటికి పని దిగిన మనిషికి మిగిలేది ఒక్క గంట. ఆ గంటలో భుజాలు రాసుకుంటూ నిలబడి ఎంత దిగితే అంత దించేవాళ్లు. తర్వాత కడుక్కోవడానికి వీలుగా గోడలకు టైల్స్ వేసిన బార్లు ఉండేవంటే ఊహించుకోండి. న్యూ సౌత్ వేల్స్‌లో 1955లో, విక్టోరియాలో 1966లో, చివరగా సౌత్ ఆస్ట్రేలియాలో 1967లో ఆ నిబంధన ఎత్తేశారు. అదే మనుషులు, అదే బీరు, టైం ఇస్తే కూర్చుని తాగారు. మన వైన్స్ పక్క సందులో బండి సీటు మీద సీసా పెట్టుకుని పది నిమిషాల్లో ముగించే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ టైల్స్ గుర్తొస్తాయి. కూర్చోనిచ్చే చోటు వాళ్ల జేబుకు అందదు మరి.

ఐస్‌లాండ్ ఇంకా విచిత్రం. సారాయి లాంటి ఘాటువి అమ్ముకోవచ్చు గానీ మామూలు బీరు మాత్రం 1989 మార్చి 1 దాకా నిషేధం.

అపోహ: నురుగు వచ్చిందంటే మోసపోయినట్టే.

గ్లాసు పక్కకు వంచి, గోడ వెంట జార్చి, చుక్క నురుగు రాకుండా పోయడం మన దగ్గర ఒక విద్య. చెక్ దేశంలో అలా పోసిస్తే వెనక్కి పంపుతారు. తలసరి బీరు లెక్కలో ఏళ్లుగా ప్రపంచంలో మొదటి స్థానం వాళ్లది, మాట వినాల్సిందే. ఇప్పుడు మనం తాగే పసుపు లాగర్లకు మూలపురుషుడు కూడా అక్కడి ప్ల్జెన్ ఊళ్లో 1842లో పుట్టాడు, చేసింది జోసెఫ్ గ్రోల్ అనే బవేరియావాడు. అక్కడ గ్లాసు నిండా నురుగే పోసిచ్చే రకం ఒకటుంది, దాన్ని పాలు అనే పిలుస్తారు. తాగితే తియ్యటి మీగడలా ఉంటుంది, వెంటనే తాగేయాలి.

నురుగులో హాప్స్ వాసన ఉంటుంది, బీరుకు చేదునిచ్చే పువ్వులవి. గ్లాసులోనే కాస్త గ్యాస్ పోతే పొట్టలో ఉబ్బరం తగ్గుతుంది. నురుగు నిలవకపోతే చాలాసార్లు గ్లాసుకు జిడ్డుందన్నమాట. చికెన్ సిక్స్టీఫైవ్ తిన్న పెదాలతో ఒక్క గుక్క తాగి చూడండి, పెదవి ఆనిన చోట నురుగు చిల్లు పడి కరిగిపోతుంది.

చిన్నవి కొన్ని గబగబా. మన దగ్గర పైంట్ అంటే 330 ఎం.ఎల్. సీసా, లండన్‌లో పైంట్ అడిగితే 568 ఎం.ఎల్. వస్తుంది, అక్కడికెళ్లే మన పిల్లలు ముందే తెలుసుకుంటే మంచిది. ఇంగ్లండ్‌లో బీరు వేడిగా ఇస్తారన్నదీ ఉత్తదే. సెల్లార్ చల్లదనం, 11 నుంచి 13 డిగ్రీలు. మనకు పళ్లు జివ్వుమంటే గానీ చల్లన అనిపించదు. ఇక ఇండియా పేల్ ఏల్, హాప్స్ దండిగా వేసే చేదు బీరు. మామూలు బీరు ఓడలో ఇండియా చేరేలోపు పాడైపోతుందని దీన్ని కనిపెట్టారని కథ. అదే ఓడల్లో అదే కాలంలో పోర్టర్ అనే నల్ల బీరు కూడా పీపాలకు పీపాలు వచ్చేది, ఇక్కడి తెల్ల సిపాయిలు శుభ్రంగా తాగేవాళ్లు. మా గోధుమ బీరు వాసన చూసి "అరటిపండు ఎసెన్స్ ఎంత వేస్తారు సార్?" అని వారానికి ఒకరైనా అడుగుతారు. చుక్క కూడా వేయం. అరటిపండు వాసన, లవంగం వాసన రెండూ ఆ ఈస్ట్ చలవే. మసకగా కనిపించేది కూడా కొంత ఈస్టే, పాడై కాదు.

అపోహ: బీరు చలవ, పైగా కిడ్నీలో రాళ్లు కరుగుతాయి.

మే నెలలో మా అమ్మకాలన్నీ ఈ నమ్మకం మీదే నడుస్తాయి, అయినా చెప్తున్నా. గొంతు దిగేటప్పుడు చల్లగా ఉండేది ఐసు చలవ. నీళ్లను ఒంట్లో పట్టి ఉంచే హార్మోన్‌ను ఆల్కహాల్ అణిచేస్తుంది, అందుకే బీరు తాగాక అన్నిసార్లు లేవాల్సొస్తుంది. ఎండలో తిరిగొచ్చినవాడికి మజ్జిగ చలవ, బీరు కాదు. రాళ్ల సంగతీ ఇంతే: మూత్రం ఎక్కువ వస్తుంది, అంతవరకే నిజం. ఎక్కువమందిలో ఉండేవి కాల్షియం ఆక్సలేట్ రాళ్లు, వాటిని బీరు కరిగించదు. పైగా బీరుతో యూరిక్ ఆమ్లం పెరుగుతుంది, అది ఇంకో రకం రాళ్లకు సరుకు. డాక్టర్ తాగమన్నది నీళ్లు.

అపోహ: బీరు ఎంత పాతబడితే అంత మంచిది.

విస్కీ మీద వినే మాటను బీరుకు తగిలించారు. కొన్ని ఘాటైన రకాలు తప్ప బీరు తాజాగా తాగాల్సిందే. వేడికి నిల్వ ఉంటే తడిసిన అట్టపెట్టె రుచి వస్తుంది. వెలుతురు తగిలితే హాప్స్ విరిగి కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా ఎక్కువ కాపాడుతుంది, ఆకుపచ్చది తక్కువ. షాపులో కరెంటు పోయి మళ్లీ చల్లబడితే భయం లేదు గానీ, లేబుల్ మీద తయారైన తేదీ చూసి కొనండి. వియత్నాంలోని హనోయ్‌లో బియా హోయ్ అని మూడు శాతం బీరు రోడ్డు పక్కన చిన్న ప్లాస్టిక్ స్టూళ్ల మీద అమ్ముతారు, పొద్దున పీపా వస్తే సాయంత్రానికి ఖాళీ.

మా తాతకు ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున దించిన లొట్టి మధ్యాహ్నానికి ఒక రుచి, పొద్దుగూకేసరికి పులుపు, మర్నాటికి పారబోయడమే. తాటాకు రేక మడిచి నోటి దగ్గర పట్టుకుంటే పైనుంచి పోసేవాడు, నురుగు ముక్కుకంటేది, వాసనంతా రేకలోనే ఉండేది. ఆయనకు ఎనభై దాటాక ఒకసారి బ్రూవరీకి తీసుకొచ్చా. ట్యాంకులు తట్టి చూశాడు. గోధుమ బీరు పొడుగు గ్లాసులో పోసి చేతికిచ్చా. వాసన చూశాడు, రెండు గుక్కలు తాగాడు, మీసం తుడుచుకున్నాడు.

"ఎన్ని దినాలు పట్టిందిరా?"

"మూడు వారాలు తాతా."

"మూడు వారాలా!" అని గ్లాసు తిప్పి తిప్పి చూసి, "నురుగు మంచిగనే ఉన్నది. రేక లేదా?" అన్నాడు.